గెడ్డవలస జంక్షన్ పాడుబడిన క్రమం

విశాఖ మర్రిపాలెంలోని మా ఇంటి వెనక గదిలో, ఎనిమిది అడుగుల పొడవూ రెండున్నర అడుగుల వెడల్పూ గల బల్ల మీద కొంతకాలంగా ఒక రైల్వే జంక్షన్ పాడుబడుతోంది. దానికి గెడ్డవలస అని పేరు పెట్టాను. ఏ రైల్వే పటంలోనూ కనిపించని ఈ ఊరు హౌరా మార్గాన్ని ఆనుకుని, పలాసకు ఇవతల ఎక్కడో ఉన్నట్టు ఊహించుకున్నది. అక్కడి నుంచి కొండల వైపు ఒక నేరో గేజి శాఖ, అంటే పట్టాల ఎడం తక్కువగా ఉండే చిన్న రైలు మార్గం, విడిపోయేది. ఆ శాఖ మూతపడి చాలా ఏళ్లయింది. ప్రధాన మార్గం మీద మాత్రం బండ్లు రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటాయి, కాని వాటిలో ఇక్కడ ఆగేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు వస్తువులో 87వ వంతు కొలతతో, ఈ జంక్షన్‌ను కట్టిన పద్ధతి గురించి, అంతకన్నా ముఖ్యంగా దాన్ని పాడుపెట్టిన పద్ధతి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నమూనా రైళ్ల సరదా ఉన్నవారికి శిథిల దృశ్యం కట్టాలన్న కోరిక కొత్తదేమీ కాదు. తుప్పు పట్టిన పట్టాల మీద నిలిచిపోయిన ఇంజను, అద్దాలు పగిలిన కేబిన్, మోకాలి లోతు గడ్డి, ఎక్కడా మనిషి జాడ లేని ఆవరణ: పాశ్చాత్య దేశాలవారు కట్టే నమూనాల్లో ఇటువంటివి కొల్లలుగా కనిపిస్తాయి. చూడటానికి బాగానే ఉంటాయి కాని, వాటిని యథాతథంగా తెచ్చి శ్రీకాకుళం జిల్లాలో పెడితే అతకవు. మన దగ్గర వదిలేసిన ఇనుము వదిలేసిన చోట ఉండదు, వదిలేసిన స్థలం ఖాళీగా ఉండదు. పనికివచ్చేదాన్ని రైల్వే వేలం వేస్తుంది, వేలందాకా రానిది రాత్రికి రాత్రి మాయమవుతుంది, మిగిలిన నేలను ఊరు వాడుకుంటుంది. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చిందంటే ఈ మాయమయ్యే వ్యవహారం ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోవచ్చు. అందుచేత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బల్ల మీద ఉన్న ప్రతి వస్తువూ ఎప్పుడు పని మానేసిందో, ఆ తరువాత దాని జోలికి ఎవరు వచ్చారో నేను చెప్పగలగాలి. అక్కడ ఉండవలసి ఉండీ లేని వస్తువు విషయంలోనూ ఇదే లెక్క.

గెడ్డవలసకు మాతృక ప్రధానంగా శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా స్టేషను. పర్లాకిమిడి రాజావారు తమ సంస్థానాన్ని ప్రధాన మార్గంతో కలపడానికి నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల గేజితో, అంటే 762 మిల్లీమీటర్ల వెడల్పుతో, వేయించిన చిన్న రైలు మార్గం 1900లో మొదలైంది. 1931 నాటికి అది గుణుపురం చేరి మొత్తం 90 కిలోమీటర్ల మార్గమైంది. బెంగాల్ నాగపూర్ రైల్వే పోయి ఆగ్నేయ రైల్వే వచ్చినా, ఈ మార్గం మీద దాని స్థానంలో 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చినా ఆ బండి నడుస్తూనే ఉంది. చివరికి 2004 జూన్‌లో దాన్ని ఆపి, మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చారు. అంటే నౌపడా పాడుబడలేదు, గేజి మార్చుకుని బతికింది. 1992లో చిన్న గేజి మార్గాలను బ్రాడ్ గేజిగా మార్చే యూనిగేజి పథకం మొదలైనప్పుడు ఏ శాఖను మార్చాలి, ఏ శాఖను ఎత్తేయాలి అన్న లెక్కల్లో ఈ శాఖ రెండో వైపు పడి ఉంటే ఆ స్టేషను ఎలా ఉండేదన్న ప్రశ్నకు నా బల్ల ఒక సమాధానం.

ఒక జంక్షన్ ఒక్కసారిగా చావదు. గెడ్డవలసలో మొదట పోయింది ఆవిరి. దానితో నీటి స్తంభానికి, బూడిద గోతికి, బొగ్గు దిబ్బకు పని పోయింది. ఆ తరువాత పోయింది విడి వ్యాగన్ల సరకు: ఒకప్పుడు చిన్న వర్తకుడు సైతం ఒక నాలుగు చక్రాల వ్యాగన్ బుక్ చేసుకుని ఉప్పో బెల్లమో పంపుకునేవాడు, 1980ల నుంచి రైల్వే మొత్తం రేకు, అంటే ఒక బండిగా కలిపిన వ్యాగన్ల వరస, నిండా ఒకే సరకు ఒకే చోటికి వెళ్లే పద్ధతికి మొగ్గాక చిన్న స్టేషన్ల గూడ్సు షెడ్లకు తాళాలు పడ్డాయి. మూడోది నేరో గేజి శాఖ. నాలుగోది లీవర్లతో సిగ్నళ్లనూ పట్టాల మళ్లింపునూ నడిపే కేబిన్లు, రెక్క సిగ్నళ్లు. వాటి పనిని స్టేషన్ మాస్టరు గదిలోని ప్యానెల్ తీసుకుంది. ఇంతలో విద్యుదీకరణ వచ్చి, కొత్త స్తంభాలు పాత ప్లాట్‌ఫారం అంచును కోసుకుంటూ నిలబడ్డాయి. ఈ వరస తెలిశాక రంగులు కలపడం తేలికైంది. నీటి స్తంభం తుప్పు, గూడ్సు షెడ్డు తుప్పు ఒక వయసువి కావు గనుక ఒకే సీసాలోంచి రాకూడదు.

పట్టాల కొలత గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మన దేశపు రైళ్లను నమూనాగా కట్టేవారందరినీ వేధించే సమస్య ఇది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి, అవి పాశ్చాత్య ప్రామాణిక గేజికి సరిపోయేవి. మూడు మిల్లీమీటర్ల లోపు తేడాయే అయినా, ఎదురుగా నిలబడి చూస్తే బండి ఇరుకు చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుంది. నేరో గేజి విషయంలో అదృష్టం కలిసివచ్చింది: 762ను భాగిస్తే 8.8 మిల్లీమీటర్లు, బజారులో 9 మిల్లీమీటర్ల పట్టాలు సులువుగా దొరుకుతాయి, తేడా కంటికి ఆనదు. బండ్లు నడవాలి గనుక ప్రధాన మార్గాన్ని 16.5 మీదే ఉంచి, చూసేవారి చూపు దాని మీద పక్కనుంచే పడేటట్టు బల్ల ఎత్తును నాలుగున్నర అడుగులకు పెంచాను. గూడ్సు షెడ్డు వెనకాల చచ్చిపోయిన సైడింగుల (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాల) మీద మాత్రం ఏ చక్రమూ దొర్లనవసరం లేదు. లూప్ లైను నుంచి, అంటే బండ్లు పక్కకు జరిగి నిలిచే లైను నుంచి, వాటికి దారితీసే పాయింట్లను (బండిని ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే కదిలే పట్టాలను) రైల్వే ఎప్పుడో ఎత్తేసింది గనుక రెండు కొలతలు ఎక్కడా కలుసుకోవు. అక్కడ పట్టాలను చేత్తో, 19.3 మిల్లీమీటర్ల ఎడంతో పరిచాను. మొత్తం బల్ల మీద అసలు కొలత దక్కింది పాడుబడిన పట్టాలకే.

ఆ సైడింగుల కింద ఉన్నవి సిమెంటు స్లీపర్లు కావు, సీఎస్‌టీ-9 రకం పోత ఇనుప స్లీపర్లు. పాత యార్డుల్లో నడిచినవారికి ఇవి గుర్తుంటాయి: ప్రతి పట్టా కింద బోర్లించిన ఒక ఇనుప పలక, ఆ రెండు పలకలనూ కలుపుతూ నేలబారుగా ఒక ఇనుప పట్టీ. బజారులో దీనికి నమూనా దొరకదు. ప్లాస్టిక్ ముక్కలతో ఒక పలక చేసి, దానితో మూస తయారుచేసుకుని, మిగిలినవన్నీ రెసిన్‌తో పోతపోశాను. ఇది చాకిరీయే అయినా ఫలితం దక్కింది, ఎందుకంటే చెక్క స్లీపరు పుచ్చి కుంగిపోతుంది గాని ఈ ఇనుప స్లీపరు కుంగదు. చుట్టూ కంకర కొట్టుకుపోయి, మధ్య పట్టీలు మాత్రం నిచ్చెన మెట్లలా తేలుతాయి. కొన్నిచోట్ల పట్టా పోయి పలకలు మిగిలాయి, కొన్నిచోట్ల పలకలు కూడా పోయి వాటి గుంటలు మిగిలాయి. ఆ గుంటలను కంకర తడిగా ఉండగానే ఒక పలకతో అద్ది తీయాలి.

పట్టా పైతలం మీద ఎక్కువ సమయం పెట్టాను. ప్రధాన మార్గం పట్టాకు పైన చక్రం తగిలే మేర తెల్లటి మెరుపు ఉంటుంది, పక్కలు నల్లటి గోధుమ రంగులో ఉంటాయి. ఆ నలుపులో తుప్పు కన్నా బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి, నూనె ఎక్కువ. లూప్ లైను మీద రోజుకో బండి పక్కకు జరిగి నిలుస్తుంది గనుక అక్కడ మెరుపు మసకబారి, అంచుల నుంచి గోధుమ రంగు లోపలికి పాకుతుంది. చచ్చిన సైడింగులో పైతలానికీ పక్కలకీ తేడా పోయి అంతా ఒకే ముదురు రంగు అవుతుంది. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు తుప్పు అనగానే నారింజ రంగు పూస్తారు. నారింజ రంగు తుప్పు పడుచుది. మన సముద్రపు గాలికి నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. గెడ్డవలసలో నారింజ రంగు కనిపించేది రెండు మూడు చోట్లే, ఇటీవలి వేలం తరువాత గ్యాస్ కట్టరుతో కోసిన పట్టా కొసల మీద. మిగిలినదంతా బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు, కొద్దిగా నలుపు, దాని మీద కంకర దుమ్ము. కొందరు ఇనుప పీచును ఉప్పునీటిలో నానబెట్టి అసలు తుప్పునే తయారుచేసి వాడతారు. రంగు అద్భుతంగా ఉంటుంది కాని, అందులో మిగిలిన ఇనుప నూగు ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకుంటే మోటారు పని అయిపోయినట్టే. నేను ఆ పొడిని రైళ్లు నడిచే పట్టాకు మూరెడు దూరంలోకి రానివ్వను.

పడమటి కేబిన్ విషయంలో నాకు మా మావయ్య గురువు. ప్రధాన మార్గంలో కేబిన్‌మాన్‌గా చేసి రిటైరయిన ఆయన లీవరు పిడిని ఎప్పుడూ గుడ్డతోనే పట్టుకునేవారట, ఎందుకంటే అరచేతి చెమట తగిలితే మెరుగుపెట్టిన ఇనుము తెల్లారేసరికి తుప్పు పడుతుంది. సిగ్నళ్ల లీవర్లకు ఎరుపు, పాయింట్లకు నలుపు, పాయింట్లను బిగించే తాళాలకు నీలం రంగు వేస్తారు. ఏ పనీ లేని లీవరుకు తెలుపు. ఒక సైడింగు మూసినప్పుడల్లా, ఒక సిగ్నల్ తీసేసినప్పుడల్లా ఆ లీవరుకు తెల్లరంగు పడుతుంది గనుక, కేబిన్‌లోకి తొంగిచూస్తే ఆ స్టేషను ఎంత చిక్కిపోయిందో వరసలోనే తెలిసిపోతుంది. నా కేబిన్‌లో 24 లీవర్లున్నాయి, ఒక్కొక్కటీ సన్నని ఇత్తడి తీగతో చేసిన పద్నాలుగు మిల్లీమీటర్ల పొడవుది. వాటిలో ఎరుపు మూడు, నలుపు రెండు, నీలం ఒకటి. మిగిలినవన్నీ తెల్లవి. పిడుల మీద మెరుపు పోయి ముదురు చుక్కలున్నాయి. ఇంత ఇనుము ఇంకా ఎలా మిగిలిందన్న ప్రశ్న రావాలి. కింది గదిని ఇంజనీరింగు వాళ్లు సామాను కొట్టుగా వాడుకుంటున్నారు గనుక తాళం ఇంకా ఉంది, వేలం తేదీ ఇంకా రాలేదు.

తాళం లేని భవనాల సంగతి వేరు. క్వార్టర్ల నమూనా చూసిన మావయ్య మొదట అన్న మాట ఇది: “తలుపులేట్రా ఇంకా ఉన్నాయి? మనుషులు ఖాళీ చేసిన వారంలోనే అవి ఎవడి పాకకో ఎక్కేస్తాయి.” ఆయన చెప్పిన వరస ప్రకారం మొదట పోయేవి విద్యుత్ తీగలు, తరువాత తలుపులు, కిటికీలు, వాటి వెంట గుమ్మాల చెక్క, ఆపైన కప్పు మీది బెంగుళూరు పెంకులు, ఆపైన దూలాలు. ఇటుక ఆఖరుది. నాలుగు క్వార్టర్లను ఈ వరసలో నాలుగు దశల్లో పెట్టాను. ఒకదానిలో గుమ్మం ఊడదీసినప్పుడు పక్కలనున్న ఇటుకలు కూడా ఊడి, ద్వారం పైకి వెడల్పవుతూ ఓ వంకర ఆకారం వస్తుంది. సమకోణంగా కోసిన ఖాళీ ద్వారం కన్నా ఇది వెంటనే నమ్మిస్తుంది. మిగిలిన ఒక్క తలుపుకు మాత్రం ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెక్క వాడాను. ఆ చెక్కలో పోగులు దాదాపు కనిపించవు గనుక ఈ స్కేలుకు సరిగ్గా సరిపోతుంది. దానికి ముందు టీ డికాక్షన్ పట్టించి, తరువాత ఇనుప పీచు నానబెట్టిన వెనిగర్ రాస్తే, కాసేపటికి ఎండా వానలకు పడివున్న చెక్కలాగా బూడిద రంగుకు తిరుగుతుంది.

నేరో గేజి వైపు ఒకే ఒక్క సిగ్నల్ స్తంభం మిగిలింది. వాడకంలో లేని సిగ్నల్‌ను బండి నడిపేవారు పొరబడకుండా దాని మీద రెండు పట్టీలను అడ్డంగా, గుణకారపు గుర్తులాగా బిగించాలన్నది రైల్వే నిబంధన. ఒక్కో పట్టీ కనీసం మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. నా స్కేలులో అది పదకొండున్నర మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు. పాత అగ్గిపెట్టె అట్టను చీల్చి చేశాను. రెక్కతో సహా ఈ స్తంభం ఎందుకు ఇంకా ఉందంటే, దాని మొదట్లో వేపచెట్టు కింద అమ్మవారి గుడి ఉంది, గుడివాళ్లు స్తంభానికి మైకు కట్టుకున్నారు, ఇప్పుడు దాన్ని పీకే ధైర్యం ఏ కాంట్రాక్టరుకూ లేదు. బల్ల మొత్తం మీద కొత్త రంగు ఉన్నది ఈ గుడికొక్కదానికే: తెల్ల సున్నం, గడపకు పసుపు, ఎర్రని చారలు. చుట్టూ ఉన్నదంతా మాసిపోయినది కావడం వల్ల కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఈ జంక్షన్‌కు గుండెకాయ ట్రాన్స్‌షిప్‌మెంటు షెడ్డు. గేజి మారే చోట వ్యాగన్ ముందుకు పోలేదు గనుక ఒక బండిలోని ప్రతి బస్తానూ మనిషి వీపు మీద రెండో బండిలోకి ఎక్కించేవారు. బ్రాడ్ గేజి వ్యాగన్ అడుగు ఎత్తూ నేరో గేజి వ్యాగన్ అడుగు ఎత్తూ ఒకటి కావు. అందువల్ల నా షెడ్డులో నేరో గేజి పట్టాను కొంత ఎత్తు కట్ట మీద వేసి, రెండు అడుగులూ మధ్యనున్న అరుగుతో సమానమయ్యేట్టు చేశాను. అరుగు మీది నాపరాళ్ల మధ్య భాగం నడిచి నడిచి అరిగింది. అది చూపడానికి ప్లాస్టర్‌ను సన్నని ఉప్పుకాగితంతో ఓ బాటలాగా కొద్దిగా పల్లం చేశాను. పక్కనుంచి దీపం వేస్తే తప్ప ఈ పల్లం కనిపించదు.

షెడ్డు కప్పు జీఐ రేకులది. రేకు మీది మడతకూ మడతకూ మధ్య అసలు దూరం 76 మిల్లీమీటర్లు, నా స్కేలులో 0.87. ఐదు మిల్లీమీటర్ల బోల్టు మీది మర పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, 0.8 మిల్లీమీటర్లు. మందమైన అల్యూమినియం ఫాయిల్‌ను రబ్బరు పలక మీద పరిచి, పొడవాటి మరబోల్టును దాని మీద నొక్కి దొర్లిస్తే కావలసినన్ని రేకులు వస్తాయి. తుప్పు తినేసిన చిల్లుల కోసం ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఒక్కో రేకును ముంచి తీస్తాను. అల్యూమినియం బుసబుసమని కరుగుతూ అంచులు చిరిగిన ఆకుల్లా అవుతాయి. బుడగ మొదలైన వెంటనే నీళ్లలో వేయకపోతే రేకు మొత్తం పోతుంది, పొగ కళ్లకు మంచిది కాదు, డాబా మీదనే ఈ పని చేయాలి.

ఏ రేకులు ఉండాలి, ఏవి పోవాలి అన్నది తుప్పు ఒక్కటే నిర్ణయించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడిన రోజు రేకులు ఎలా లేస్తాయో మేమందరం చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని ఊడ్చేసింది. గెడ్డవలస ఆ దారిలోనే ఉంది. కాబట్టి షెడ్డుకు సముద్రం వైపు కప్పు మొత్తం లేచిపోయి, రెండో వైపు వరసగా మిగిలింది, కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకు ఒరిగాయి. లేచిపోయిన రేకులు ఎక్కడికి పోయాయి? గోడకు అవతల మేకల పాక కప్పు మీద అవే రేకులు, అదే తుప్పు మచ్చలతో ఉన్నాయి. సిగ్నల్ తీగ దండెమైంది. చెక్క స్లీపర్లు రెండు నుయ్యి గట్టున అడ్డంగా ఉన్నాయి. ఇవి ఎంతో చిన్నవి, చెప్పకపోతే చాలామంది గమనించరు, కాని గోడకు ఇవతల ఏది లేదో గోడకు అవతల అది కనిపించాలన్న పట్టుదల నాది.

మొక్కలకూ వరస ఉంది. కంకరలో మొదట గడ్డి చేమంతి, ఉత్తరేణి వస్తాయి, వాటి వెనక వయ్యారిభామ, ఆ తరువాత జిల్లేడు, అటు తరువాత సర్కారు తుమ్మ. గోడ పగుళ్లలో రావి. తుమ్మ కాండం మణికట్టంత లావైందంటే అక్కడ గ్యాంగ్‌మన్లు కత్తి పట్టి చాలా ఏళ్లయిందని అర్థం. అందుచేత లూప్ లైను పక్కన చిన్న మొక్కలే ఉన్నాయి, నేరో గేజి యార్డులో తుమ్మ పట్టాల మధ్యనే పెరిగింది. మా పెరటి తులసి ఎండు వెన్నులు తుమ్మకు మంచి ఎముకల గూడు. రెల్లుకు గోగునార వాడాను, విజయనగరం, శ్రీకాకుళం వైపు పండే నారకు ఆ పసుపు వన్నె సహజంగానే ఉంది. కాలం మాఘ ఫాల్గుణాలు. శ్రావణంలో పెట్టి ఉంటే పట్టాలన్నీ పచ్చదనంలో మునిగిపోయి ఈ వివరాలేవీ కనిపించేవి కావు.

నిలబడే గడ్డికి నైలాన్ నూగును విద్యుదావేశంతో జిగురులో నాటే పరికరం కావాలి. విదేశాల నుంచి తెప్పించుకుంటే ఖరీదెక్కువ. దోమల బ్యాట్‌లోని సర్క్యూట్‌ను తీసి, ఒక తీగను టీ జల్లెడకూ, ఇంకో తీగను జిగురులో గుచ్చిన మేకుకూ కలిపితే అదే పని చేస్తుంది. స్విచ్ ఆపాక కూడా అందులో షాక్ మిగిలి ఉంటుందని మరవకూడదు. విశాఖ గాలిలోని తేమ ఈ పనికి శత్రువు, నూగు ఉండలు కట్టి పడుకుంటుంది. ఏసీ వేసిన గదిలోనో, చలికాలం ఉదయం పూటో చేసుకోవాలి. ఈ తేమ వల్లనే బల్లకు చెక్కపొట్టుతో చేసే ఎండీఎఫ్ పలక వాడలేదు, నీటికి ఆగే ప్లైవుడ్ తీసుకుని అంచులతో సహా వార్నిష్ పట్టించాను. ఇక కంకరకు, ఊరిని ఆనుకుని సముద్రం ఉంది కదా అని బీచి ఇసుక తెచ్చుకోవద్దు. రేణువులు గుండ్రంగా ఉంటాయి, ఉప్పు ఇత్తడినీ ఇనుమునూ తింటుంది. క్రషర్ దుమ్మును రెండు జల్లెళ్ల మధ్య జల్లించి, ముప్పావు మిల్లీమీటరు లోపు రేణువులను వాడి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో కట్టాను.

ప్లాట్‌ఫారం మీద మనుషులున్నారు. తూర్పు కొసన దుప్పట్లు పరిచి మినుములు, పెసలు ఎండబోశారు, ఒక ముసలామె కాకులను తోలుతోంది. ఇంజను షెడ్డు గోడ నిండా పిడకలు. దాని తలుపు స్థానంలో మిగిలిన ఇటుక స్తంభం మీద బొగ్గుతో మూడు వికెట్లు గీసి పిల్లలు ఆడుతున్నారు, బూడిద గోయిలోకి పోయిన బంతిని ఒకడు దిగి తీస్తున్నాడు. ఈ బొమ్మలను పెట్టిన తరువాత ఒక మిత్రుడు వీటివల్ల విషాదం తగ్గిపోయిందని అభ్యంతరం చెప్పాడు. నాకు అలా అనిపించలేదు. రైల్వేకు అక్కర్లేకపోవడం వేరు, ఊరికి అక్కర్లేకపోవడం వేరు; ఈ బల్ల మీద నేను చూపదలచింది మొదటిదాన్ని.

బండ్లు ప్రధాన మార్గం మీదనే నడుస్తాయి. నిజమైన లూప్ లైనులో బండి నిలవడానికి ప్రామాణికంగా 686 మీటర్లు కావాలి, అది నా స్కేలులో దాదాపు ఎనిమిది మీటర్లు. బొగ్గు వంటివి మోసే, పైకప్పు లేని 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల బండి ఏడు మీటర్లు దాటుతుంది. నా దగ్గర పదిహేను వ్యాగన్లే ఉన్నాయి. రెండు వైపులా గోడ అలమారాల మీద దాగిన పట్టాల నుంచి బండి వచ్చి, ఎనిమిది అడుగులూ దాటి అటు పోతుంది. గంటకు 75 కిలోమీటర్ల వేగం ఈ కొలతలో సెకనుకు 24 సెంటీమీటర్లే గనుక దృశ్యం దాటడానికి పది సెకన్లు పడుతుంది. వేగం తగ్గించను, ఆపను. నీటి స్తంభం మీదా, షెడ్డు మీదా ఎంత పని చేసినా, ఆగకుండా పోయే ఆ బండి ఈ స్టేషను స్థితిని నా రంగులన్నిటికన్నా బాగా చెబుతుంది. ఉదయం పూట రెండు పెట్టెల డీఎంయూ (డీజిల్ ప్యాసింజరు బండి) ఒకటి ఆగుతుంది, అదీ ప్లాట్‌ఫారం పడమటి కొస దగ్గరే.

ఇప్పుడు రెండో బల్ల పని మొదలైంది. శాఖ లైను కొండల వైపు మళ్లే చోటు అది. పట్టాలు ఎత్తేసిన కట్ట మీద పంచాయతీ సిమెంటు రోడ్డు వేసింది, రాతి తూము మాత్రం పాతదే. రోడ్డు కోసం కట్టిన రోడ్డు మూలల దగ్గర చటుక్కున తిరుగుతుంది, రైలు కట్ట మీద వేసిన రోడ్డు తిరగడానికి తీరిక తీసుకుంటుంది, కాబట్టి ఆ మలుపు సరిగ్గా వస్తే ఇంకేమీ చెప్పనవసరం లేదు. నేరో గేజిలో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్ధం 44 మీటర్లు, నా స్కేలులో 50 సెంటీమీటర్లు, బల్ల వెడల్పులో హాయిగా ఇమిడిపోతుంది. మావయ్య ఒప్పుకోవడం లేదు. అంత బిగువు మలుపు ఘాట్లలో ఉంటుంది గాని పొలాల్లో ఎందుకుంటుందని ఆయన వాదన, కనీసం దానికి రెట్టింపు పెట్టమంటారు. రెట్టింపు పెడితే నుయ్యీ మేకల పాకా బల్ల అంచు దాటి బయటికి పోతాయి. పాకను ఎటు జరపాలో చూస్తున్నాను.